641 దగ్గర తప్పిన లెక్క

"ఒక సంఖ్య సంయుక్త సంఖ్య అని నిరూపించి, దాని కారణాంకం ఒక్కటి కూడా చూపలేకపోవడం ఎలా సాధ్యం? చూపనిదే నమ్మడమెలా?" అని అడిగారు. కారణాంకాల వెతుకులాట ఎంత నమ్మరానిదో నేను మా ఇంట్లోనే చూశాను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక, పెదవాల్తేరులో మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి ఎదురుచూడటం తప్ప వేరే పని లేకపోయింది. మా ఇంట్లో చిక్కుకుపోయిన మేనల్లుడు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి కాలక్షేపంగా ఉంటుందని 4294967297 అనే సంఖ్యను, అంటే 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపిన సంఖ్యను ఇచ్చి, ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చమన్నాను. 2 యొక్క 2, 4, 8, 16వ ఘాతాలకు 1 కలిపితే వచ్చే 5, 17, 257, 65537 వరుసలో తరువాతిదైన ఇది కూడా ప్రధాన సంఖ్యేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మిన సంగతి చెప్పాను గాని, 1732లో గణితవేత్త ఆయిలర్ దాన్ని కారణాంకాలుగా విడగొట్టిన సంగతి దాచాను.

వాడు కొవ్వొత్తి వెలుగులో రెండు రోజులు భాగహారాలు చేసి, 700 దాటాక, "మావయ్యా, ఫెర్మా చెప్పిందే నిజమేమో" అన్నాడు. కాగితాలు వెనక్కు తిప్పి చూశాను. ప్రధాన సంఖ్యల వరుసలో 116వదైన 641 దగ్గర, 2672లోంచి 2564 తీసివేసి 108 వేయవలసిన చోట 118 వేశాడు. ఆ పది పెరిగి పెరిగి చివరకు 359 శేషంగా తేలింది. నిజానికి అక్కడ శేషం సున్నా, భాగఫలం 6700417. ఆ భాగఫలం కూడా ప్రధాన సంఖ్యే కావడం వల్ల, వాడు వర్గమూలమైన 65536 వరకు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలనూ పూర్తిచేసినా మరో కారణాంకం దొరికేది కాదు. నెలల తరబడి శ్రమపడి తప్పు జవాబును నిరూపించి ఉండేవాడు.

ఫెర్మా కూడా ఇలాగే ఎక్కడో ఒక తీసివేత తప్పి ఉంటాడని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఈ సంఖ్యకు ఉండే ఏ ప్రధాన కారణాంకాన్నయినా 64తో భాగిస్తే 1 మిగలాలి, దానికి మూలమైన సిద్ధాంతం ఫెర్మాదే. ఆ లెక్కన పరీక్షించవలసినవి 193, 257, 449, 577, 641, అంటే అయిదు భాగహారాలు. ఈనాటి ఇంటర్ కాలేజీలు నాలుగు ఆప్షన్లలో ఒకటి ఏరడం నేర్పుతున్నాయి గాని, చేసిన తీసివేతను కూడి సరిచూసుకోవడం ఎవరూ నేర్పడం లేదు.

ఇక మీరడిగినదానికి వస్తే, పెద్ద సంఖ్యల విషయంలో కారణాంకం కోసం వెతకరు, ప్రధాన సంఖ్యకు ఉండి తీరవలసిన లక్షణం ఉందా లేదా అని చూస్తారు. 1877లో ఫ్రెంచి గణితవేత్త పెపిన్ ఇచ్చిన పరీక్ష ప్రకారం, ఫెర్మా సంఖ్య (అంటే పై వరుసలోని సంఖ్య) లోంచి 1 తీసివేసి సగం చేసి, 3ను ఆ ఘాతానికి హెచ్చించి ఆ సంఖ్యతోనే భాగిస్తే, అది ప్రధాన సంఖ్య అయినప్పుడు తప్పకుండా, అప్పుడు మాత్రమే దానికంటే ఒకటి తక్కువ శేషంగా వస్తుంది. 17కు చూడండి: 3 యొక్క 8వ ఘాతం 6561, దాన్ని 17తో భాగిస్తే శేషం 16. శేషం మరేది వచ్చినా సంఖ్య సంయుక్తమే, కారణాంకంతో పని లేదు. 2 యొక్క 1048576వ ఘాతానికి 1 కలిపితే వచ్చే 315653 అంకెల సంఖ్య సంయుక్తమని తేలింది ఇలాగే; దాని కారణాంకం ఒక్కటీ నేటికీ దొరకలేదు.

ఘాతం 16777216 అయిన 5050446 అంకెల ఫెర్మా సంఖ్య కూడా సంయుక్తమేనని ఇదే పరీక్షతో 1999లో తేలింది. అంత పెద్ద లెక్కలో ఎక్కడా 108 బదులు 118 పడలేదని నమ్మకమేమిటని అడగవచ్చు. విడివిడిగా రాసిన రెండు ప్రోగ్రాములను దూరదూరంగా ఉన్న రెండు యంత్రాల మీద ఒకేసారి నడిపారు, చివరి శేషాలు రెండూ పూర్తిగా సరిపోయాయి. అది చాలదన్నట్టు, మధ్యలో దాచుకున్న శేషాలను మరికొన్ని యంత్రాలకు పంచి, వేరొక పద్ధతిలో ముక్కలు ముక్కలుగా మళ్లీ సరిచూశారు.