మెంటార్‌గా ఉండమన్నారు, ఏం చేయాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి మెంటార్‌గా ఉండమని పైవాళ్ళు అడుగుతున్నారు. నాకే ఇంకా అన్నీ తెలియవు. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తప్పకుండా ఒప్పుకోండి. పని బాగా చేతికొచ్చేసిన మనిషి అందులోని చిన్న చిన్న మెట్లను మరిచిపోతాడు. ఆలోచించకుండానే చేసేస్తుంటాడు కాబట్టి, చెప్పేటప్పుడు కూడా వాటిని దాటేస్తాడు. కొత్తవాళ్ళు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. మీరు ఆగిపోయిన చోట్లు మీకింకా గుర్తున్నాయి, మీ బలం అదే. తెలియనిది అడిగితే ‘నాకు తెలియదు, ఫలానావారిని అడుగుదాం’ అనండి. ఏ విషయానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియడం కొత్తవాళ్ళకు చాలా పెద్ద సాయం.

మొదటిసారి కలవడానికి ఒక గంట పెట్టుకోండి. ఆ గంటలో పాఠం మొదలుపెట్టకండి. ఆరు నెలల తర్వాత ఆమె ఏం చేయగలగాలో ఒకే వాక్యంలో ఆమె చేతే రాయించండి. ‘ఎదగాలి’, ‘ధైర్యం రావాలి’ లాంటివి రాస్తే ఒప్పుకోకండి. ‘నెలవారీ రిపోర్టును ఎవరూ దిద్దకుండానే పంపగలగాలి’ అన్నట్టు ఉండాలి. అయిందా, లేదా అన్నది చూడగానే తెలిసిపోవాలి.

తర్వాత రోజులు, వేళలు ఖాయం చేసుకోండి. రెండు వారాలకోసారి 45 నిమిషాల చొప్పున ఆరు నెలలు, అంటే 12, 13 సార్లు కలిస్తే సరిపోతుంది. నెలకోసారైతే పోయినసారి ఏమనుకున్నారో ఇద్దరూ మరిచిపోతారు. వారానికోసారైతే అనుకున్నది చేసి చూసే వ్యవధి ఉండదు. మీ ఇద్దరి మధ్య మాటలు బయటికి పోవని చెప్పండి. ఎవరికైనా హాని జరిగే విషయమైతే మాత్రం దాచనని కూడా అప్పుడే చెప్పేయండి. మధ్యలో ఎవరికి కుదరకపోయినా సంజాయిషీ లేకుండా ఆపేయవచ్చన్న మాట కూడా ముందే అనుకోవడం మంచిది.

కలిసే ముందు రోజు ఆమె మీకు మూడు వాక్యాలు పంపాలి: ఏం చేసింది, ఎక్కడ ఆగింది, ఈసారి దేని గురించి మాట్లాడాలి. ఆ మూడోదానికే సగానికి పైగా సమయం ఇవ్వండి. చివరి ఐదు నిమిషాల్లో వచ్చేసారికి చేయాల్సిన పని ఒక్కటంటే ఒక్కటే తేల్చి, ఆమె చేతే రాయించండి. నోట్సు మీరు రాస్తే, గుర్తుపెట్టుకునే బాధ్యత మీ మీదికి వచ్చి పడుతుంది.

ఇంకో జాగ్రత్త. ఇలాంటి జోడీలు గొడవపడి విడిపోవడం అరుదు. వాయిదాల మీద వాయిదాలు పడి చల్లారిపోతాయి. వాయిదా వేస్తున్నప్పుడే మరో తేదీ చెప్పండి, అది వారం దాటకూడదు.

ప్రశ్న: నా దగ్గర ఏడాదిగా పని నేర్చుకుంటున్న కుర్రాడు తెలివైనవాడే. కానీ ప్రతిదానికీ నన్నే అడుగుతాడు. చెబితే చక్కగా చేస్తాడు, సొంతంగా మాత్రం ఏదీ తేల్చుకోడు. లోపం ఎక్కడుందంటారు?

జవాబు: అడిగిన వెంటనే మీ దగ్గర జవాబు దొరుకుతోంది, లోపమంతా అక్కడే. ఆలోచించి తప్పు చేయడం కంటే మిమ్మల్ని అడగడం అతనికి తేలిక, భద్రం కూడా. ఎవరైనా అదే చేస్తారు.

1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే పరిశోధకులు చిన్నపిల్లల చేత చెక్కదిమ్మలతో పిరమిడ్ కట్టిస్తూ, పెద్దవాళ్ళు ఎంత సాయం చేయాలో, ఎప్పుడు చేయాలో పరిశీలించారు. అలాంటి సాయాన్ని వాళ్ళు భవనం కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు. చేతనైనకొద్దీ సాయం తగ్గాలి, తడబడితే కొంచెం పెరగాలి. ఏడాదైనా మీరు పరంజా విప్పడం మొదలుపెట్టలేదు.

విప్పడం మెట్టు మెట్టుగా జరగాలి. ముందు అతను తీసుకోవలసిన నిర్ణయాలను రెండు కుప్పలు చేయండి. తప్పయినా ఒక్క రోజులో సరిదిద్దుకోగలిగేవి ఒకటి, సరిదిద్దలేనివి ఒకటి. మొదటి కుప్పతోనే మొదలుపెట్టండి. ఇకపై ప్రశ్నతో వస్తే, రెండు దారులు ఆలోచించుకుని, వాటిలో తనకు ఏది నచ్చిందో, ఎందుకో చెప్పమనండి. అడిగాక మీరు మాట్లాడకుండా ఉండాలి. పది సెకన్ల మౌనం భరించలేక చాలామంది మెంటార్లు తామే జవాబు అందించేస్తారు, అక్కడితో అంతా మళ్ళీ మొదటికొస్తుంది. రెండు మూడు వారాలకు ఇది అలవాటైతే, ‘నిర్ణయం నువ్వే తీసుకో, చేసే ముందు నాకు చెప్పు’ అనండి. ఆ తర్వాత ‘చేసేశాక చెప్పు’. చివరికి వారానికోసారి చెబితే చాలు. ఎక్కడైనా తడబడితే ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి రండి, మళ్ళీ మొదటికి కాదు.

సొంత నిర్ణయంతో అతను చేసే మొదటి తప్పు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండండి. ‘ముందే నన్నడగొచ్చు కదా’ అని ఒక్క మాట మీ నోటి నుంచి వస్తే చాలు, అన్ని వారాల శ్రమా పోతుంది. జీవితాంతం అడుగుతూనే ఉంటాడు. దానికి బదులు ‘ఆ సమయానికి నీకు ఏమేం తెలుసు? దేన్ని చూసి అలా అనుకున్నావు?’ అని అడగండి. ఆలోచన సరైనదే అయినా ఫలితం చెడి ఉండవచ్చు. ఆలోచనలోనే లోపం ఉంటే, అది ఏ మెట్టు దగ్గరో అతను చెబుతుండగానే బయటపడుతుంది.

జవాబు మీరే చెప్పాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ప్రాణానికో, ఆరోగ్యానికో ముప్పున్నప్పుడు, వెనక్కి తీసుకోలేని నష్టం జరిగేటప్పుడు, గడువు మీద పడ్డప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేయండి. కేవలం సమాచారం కావాల్సినప్పుడు కూడా అంతే. ఫైలు ఎక్కడుందో తెలియని మనిషిని ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని అడగడం వేధించడమే. అయితే జవాబొక్కటే చెప్పి ఊరుకోకండి. ముందు దేన్ని చూశారు, ఏ అనుమానం వచ్చింది, ఏ దారిని ఎందుకు వదిలేశారు, ఇవన్నీ పైకి ఆలోచిస్తున్నట్టు వినిపించండి. అతనికి కనబడనిది ఆ భాగమే, నేర్చుకోవలసిందీ అదే.

చేసిన పని దిద్దేటప్పుడు ఒకసారికి రెండు, మూడు లోపాలు చాలు. పేజీ అంతా మీ చేత్తో మార్చి ఇస్తే, ఎలాగూ మీరు మారుస్తారన్న ధీమా తప్ప ఇంకేమీ రాదు. ‘శ్రద్ధ లేదు’ అంటే ఏం మార్చుకోవాలో అతనికి తెలియదు. ‘మూడో పేజీలో మొత్తం మొదటి పేజీతో కలవడం లేదు. చదివేవారు దేన్ని నమ్మాలి?’ అంటే తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లోపే చెప్పండి. నెల గడిచాక చెబితే అప్పుడు తనేం ఆలోచించాడో అతనికే గుర్తుండదు.

ప్రశ్న: నేనిప్పుడే చదువు పూర్తిచేశాను. నాకు నచ్చిన రంగంలో పేరున్న ఒక మేడమ్ గారిని మెంటార్‌గా ఉండమని ఎలా అడగాలి?

జవాబు: ఆ మాట అనకుండానే మొదలుపెట్టండి. పరిచయం లేని మనిషి ‘మీరు నాకు మెంటార్‌గా ఉండండి’ అంటే, ఎంత సమయం అడుగుతున్నారో, ఎన్నాళ్ళో ఎదుటివారికి అంతుపట్టదు. కాదనడమే సులువు. ఒక చిన్న ఉత్తరం రాయండి. మీరెవరు, ఆవిడ చేసిన ఏ పని చూసి రాస్తున్నారు, మీరు ఇప్పటికే ఏం ప్రయత్నించారు, దేని దగ్గర చిక్కుకున్నారు, ఇరవై నిమిషాలు మాట్లాడటం కుదురుతుందా. అంతే. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే ప్రశ్న మాత్రం అడగకండి.

మాట్లాడాక రెండు, మూడు వారాలకు, ఆవిడ చెప్పినదాంట్లో మీరు ఏం చేశారో, ఏమైందో నాలుగు వాక్యాల్లో తెలియజేయండి. చాలామంది వదిలేసేది ఈ పనే. చెప్పింది చేసి చూపించేవారి కోసం మళ్ళీ సమయం తీయడానికి ఎవరికైనా మనసొప్పుతుంది.

ప్రశ్న: మా బాస్ మంచివారు, నాకు అన్నీ నేర్పిస్తారు. ఇంకో మెంటార్ అవసరమా?

జవాబు: అవసరమే. 1980లలో క్యాథీ క్రామ్ అనే పరిశోధకురాలు మెంటార్ చేసే పనులను రెండు రకాలుగా విడదీశారు. అవకాశాలు ఇప్పించడం, పని నేర్పడం, నలుగురి కంట్లో పడేలా చేయడం ఒక రకం. భయాలు వినడం, ధైర్యం చెప్పడం, స్నేహంగా ఉండటం రెండోది. మొదటి రకం బాస్ బాగా చేయగలరు. కానీ మీ ప్రమోషన్ ఎవరి చేతిలో ఉందో వారి ముందు ‘ఈ పని నాకు సరిపడదేమో’ అని మీరు అనగలరా? రెండో రకానికి మీ విభాగంతో సంబంధం లేని మనిషిని చూసుకోండి.

ప్రశ్న: ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా పద్నాలుగేళ్ళ అబ్బాయికి మూడు నెలలుగా మెంటార్‌గా ఉంటున్నాను. ఇప్పుడు పని ఒత్తిడి పెరిగింది. ఆపేస్తే ఏమైనా ఇబ్బందా?

జవాబు: వీలైతే ఆపకండి, తగ్గించండి. అమెరికాలో పిల్లల మెంటరింగ్ మీద జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాది, అంతకు మించి సాగిన జోడీల్లోని పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల లోపే ముగిసిన వాళ్ళలో తమ మీద తమకున్న విలువ ముందుకంటే తగ్గింది. పిల్లలు కారణాన్ని తమలోనే వెతుక్కుంటారని నా నమ్మకం. వారానికి రెండు గంటలు కుదరకపోతే రెండు వారాలకోసారి గంట ఇవ్వండి, కానీ చెప్పిన రోజున చెప్పిన వేళకు వెళ్ళండి.

ఎలాగూ కుదరదనుకుంటే ముందు సంస్థవారికి చెప్పి, మరో మెంటార్‌ని చూడమనండి. ఆ తర్వాత అబ్బాయికి మీరే ఎదురుగా కూర్చుని చెప్పండి, ఫోన్‌లో కాదు. చెప్పాక కనీసం రెండుసార్లయినా కలవండి. కారణం మీ పనేననీ, తన తప్పేమీ లేదనీ విడమరిచి చెప్పండి. ఈ మూడు నెలల్లో అతను కొత్తగా చేయగలిగినవి పేరుపేరునా గుర్తుచేయండి. నిలబెట్టుకోలేరనుకుంటే ‘మళ్ళీ వస్తాను’ అనకండి.