ఏటి గురించి మీటింగ్ పెడుతున్నారా? ఇసుక దగ్గర మొదలుపెట్టండి

"వాతావరణ మార్పుల గురించి, మా ఏటి పరిస్థితి గురించి ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలనుకుంటున్నాం. ఏం చెబితే జనం వింటారు?" అని అడిగారు. మాది కడప జిల్లా, వేంపల్లెకు దిగువన పాపాఘ్ని ఒడ్డునున్న ఊరు. మేమూ ఇలాంటి కూటాలు పెట్టుకున్నాం కాబట్టి చూసింది చెబుతాను.

ముందు ఇసుక మాట ఎత్తండి. మా ఊళ్లో భూతాపం అన్నప్పుడు తలూపి ఊరుకున్నవాళ్లే, ఏట్లో ఇసుక అనగానే ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. "నేను కాపురానికొచ్చినప్పుడు మోచెయ్యంత లోతు తవ్వితే చాలు, చెలమలో నీళ్లూరేవి. చిప్పతో తోడి బిందె నింపుకునేవాళ్లం, నడి ఎండాకాలం కూడా" అని ఒక పెద్దమ్మ చెప్పింది. ఇప్పుడు అదే చోట మనిషి లోతు గుంటలు, టిప్పర్లు దిగిన బాట, అక్కడక్కడా అడుగు బండ. మిగిలిన చోటంతా సర్కారు కంప. మీ ఊళ్లో కూడా ముందు పెద్దవాళ్లను, అందులోనూ ఆడవాళ్లను మాట్లాడనివ్వండి. నీళ్లు మోసింది వాళ్లే.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పొచ్చు. ఇసుక రేణువుల సందుల్లో నీళ్లు నిలుస్తాయి. పైన ఎండ కాస్తున్నా అంత తొందరగా ఆవిరైపోవు, మెల్లగా ఒడ్డునున్న బావులకు, బోర్లకు చేరతాయి. ఇసుక మందంగా ఉంటే ఒక్క వరద వచ్చిపోయినా నెలల తరబడి ఊట ఉంటుంది. ఒకప్పుడు మన సీమలో ఏటి ఇసుకలోంచి ఊటకాలువలు తీసి, మోటారు లేకుండా వరి పండించింది ఈ బలంతోనే. ఆ ఇసుక ఎత్తేస్తే వచ్చిన నీళ్లు వచ్చినట్టే కమలాపురం దగ్గర పెన్నలో కలిసి వెళ్లిపోతాయి.

వాతావరణ మార్పు గురించి ఇక్కడ చెబితే అందరికీ అర్థమవుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత, లేకపోతే వారాల తరబడి చినుకుండదు. 2021 నవంబరు మనవాళ్లెవరూ మరిచిపోలేరు. 19వ తేదీన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వైపు ఇళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. అయితే ఆ వాన వాతావరణ మార్పు వల్లేనా కాదా అనే వాదనలోకి మీటింగును పోనివ్వకండి, సాయంత్రమంతా దానికే సరిపోతుంది. ముందు ముందు ఇలాంటి వానలు పెరుగుతాయి, అవి పడినప్పుడు నీళ్లు పట్టుకునే ఇసుక మన ఏట్లో ఉండాలి. అంతవరకు తేలితే చాలు.

మాటలతో పాటు ఒక పని కూడా పెట్టుకోండి. వాడకంలో లేని బావి ఒకటి చూసుకుని, నెలకోసారి తాడుకు రాయి కట్టి దించి నీటిమట్టం కొలవండి. అంకెను సచివాలయం గోడ మీద రాయండి. ఇది మన దగ్గర జరిగిన పనే. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో నడిచిన ప్రాజెక్టులో కర్నూలు, అనంతపురం, కడపతో కలిపి ఏడు జిల్లాల రైతులు వాన, బోర్ల మట్టం తామే కొలిచి, ఉన్న నీళ్లను బట్టి రబీలో ఏం వేయాలో కూర్చుని ఆలోచించుకున్నారు. మా చీనీ (బత్తాయి) తోటల రైతులకు ఉపన్యాసాల కన్నా గోడ మీది ఆ అంకే ఎక్కువ టెన్షన్ పెట్టింది. కొత్త బోరు వేయాలా వద్దా అని ఇప్పుడు దాన్ని చూసే మాట్లాడుకుంటున్నారు.

గొడవ కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఇసుక ట్రాక్టర్ మీద బతికే పిల్లలు మన ఊళ్లోనే ఉంటారు, నెలనెలా కంతులు కట్టుకోవాలి. వాళ్లను దొంగల్లా నిలబెడితే మళ్లీ మీటింగుకు రారు, నా దృష్టిలో అది అన్యాయం కూడా. రాత్రిళ్లు పొక్లెయిన్లు పెట్టి తోడేవాళ్ల లెక్క వేరు. భూగర్భ జలాలకు నష్టం కలిగించే ఇసుక తవ్వకాన్ని ఆపే అధికారం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇచ్చింది. దాని పేరు రాసి, బావి కొలతలు జతచేసి, ఊరంతా సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. ఒక్కడే వెళ్లి ఇస్తే బెదిరింపులు ఆ ఒక్కడికే వస్తాయి.

ఇంకోటి, ఎగువ ఊరివాళ్లను కూడా పిలవండి. వాళ్ల దగ్గర తవ్వకం ఆగకపోతే మీ దగ్గరికి కొత్త ఇసుక కొట్టుకురాదు.