గోడెనక రాడార్ చేస్తా ఉండే మా పాపకు

పాపా, ఏర్పేడు ఐఐటీలో నీ ప్రాజెక్టు గోడ అవతల మనిషిని కనిపెట్టే రాడార్ అని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. టీ అంగడి దగ్గర కనపడినోళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నా, రాత్రికి మాత్రం నిద్ర పట్టలా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే గోడ బాగా దాటుతాది. బ్యాండ్‌విడ్త్, అంటే సిగ్నల్ వాడుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు, 1 గిగాహెర్ట్జ్ ఉంటే ముందూ వెనకా ఉండే రెండిటి మధ్య 15 సెంటీమీటర్ల తేడా తెలుస్తాది. ఇటుకలో సిగ్నల్ నిదానిస్తాది, అది లెక్కెయ్యకుంటే మనిషి ఉన్నచోటికంటే దూరంగా కనపడతాడు. తడిగోడకి, ఎండుగోడకి విడిగా టెస్ట్ చెయ్యి. చిన్నప్పుడు గాదంకిలో చూపించిన 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఆకాశానికేసి చూసేది, దానికి గోడల గొడవ లేదు, నీకు అన్నీ గోడలే.

ఇది మాత్రం నిదానంగా చదువు. చాన్నాళ్ల కింద చిత్తూరులో ఒక పాతిల్లు పడగొట్టాల, ఏదో కంపెనీ ఇంజనీరు డెమో చూపిస్తానని ఇట్లాంటి రాడార్ పెట్టె తెచ్చినాడు, నేను కేబుళ్లు పట్టుకోనుండా. గోడకి ఆనించి కాసేపు చూసి ఇంట్లో ఎవురూ లేరని కాగితం మీద రాసిచ్చేసినాడు, జేసీబీ కూడా స్టార్ట్ అయింది, అంతలో పక్కింటామె పరిగెత్తుకోనొచ్చి అవ్వ మధ్యాన్నం పూట ఆడే పండుకుంటాది సామీ అనింది. పోయి చూస్తే ఇనప బీరువా వెనకాల చాపేసుకుని నిద్రపోతా ఉంది! లేచి ఆయన్ని తిట్టిన తిట్లు నీకు రాయలేను. ఇనుము దాటి సిగ్నల్ పోదు, ఆ సంగతి ఆయనకి తెలవదా? తెలుసు. స్క్రీన్ మీద ఏమీ లేకపోయేసరికి ఇల్లే ఖాళీ అనుకున్నాడు. పైగా నిద్రపోయే మనిషికి కదిలేది ఛాతీ ఒక్కటే, అదీ కొన్ని మిల్లీమీటర్లు, నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ఆయన చూసిన కాసేపట్లో రెండు ఊపిర్లు కూడా అయ్యుండవు. అందుకే నీ స్క్రీన్‌లో ఇనుము వెనకాల భాగానికి వేరే రంగెయ్యి, ఇక్కడ నాకు కనపడదు అని మిషనే చెప్పాల. నిమిషమన్నా చూడకుండా ఖాళీ అనే మాట రానియ్యబాక.

2015లో నేపాల్ భూకంపమప్పుడు నాసా వాళ్ల ఫైండర్ అనే రాడార్ గుండె చప్పుడు పట్టుకుని శిథిలాల కింద నలుగుర్ని చూపించింది. నువ్వూ అట్లాంటిది చేస్తావని నా ఆశ. కానీ తిరుపతిలో ఎన్ని లాడ్జీలు, ఎన్ని ఆడపిల్లల హాస్టళ్లు ఉండాయో నీకు తెలుసు గదా. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీలు చెప్పినారు. అయినా ఎవుడో ఒకడు డబ్బు చూపించి అడుగుతాడు, ఇయ్యబాక. మాటలతో మొహమాట పెడితే మా పెదనాయన ఒప్పుకోడని చెప్పు, నా మీదికి తోసెయ్యి.

ఇంతకీ అన్నం వేళకి తింటా ఉండావా? దీపావళికి వచ్చేటప్పుడు నీ రాడార్ పెట్టె తెచ్చుకో, మన పాతింటి మట్టిగోడ ఇంకా ఉండాది, మీ పెద్దమ్మ దానెనక కూచుంటానంది, ఫ్యాన్ ఆపమంటే మాత్రం ఒప్పుకోదు, తిరిగే రెక్కలు కూడా నీ రాడార్‌కి కదిలేవే గదా, అదేదో నువ్వే చూసుకో.