ఎర్రపుండ్లకు యాంటీబయాటిక్ ఎందుకు?

ప్రశ్న: ఎకరం చెరువు, మీటరున్నర నీరు. వరదల్లో నదిలో పట్టిన చేపపిల్లల్ని కొని వదిలాను. నాలుగు నెలలకు వల లాగితే సగం కూడా రాలేదు. చచ్చి తేలినవి మాత్రం కొన్నే. వచ్చినవాటికి ఒంటినిండా ఎర్రపుండ్లు. నీటిలో వైరస్ చేరిందేమో. డీలరు ఇచ్చిన యాంటీబయాటిక్ మేతలో కలిపి పెట్టినా తగ్గలేదు. ఫొటోలు పంపాను. ఏం చేయాలి?
– ఓ చేపల రైతు

జవాబు: వైరస్ లక్షణాలు కావివి. పొలుసులు రాలి, లోపలి కండ కనిపిస్తోంది. ఈయూఎస్ అనే ఎర్రమచ్చల వ్యాధి అని నా అనుమానం. వానలు వెనకబట్టి నీరు చల్లబడే రోజుల్లో బూజులాంటి జీవి వల్ల వస్తుంది. దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. పుండు చూడకుండానే డీలరు సీసా చేతిలో పెట్టాడు, మీరు వాడేశారు. ఇప్పుడే ఆపండి. మందు చేప ఒంట్లోంచి పోయే గడువు దాటేదాకా ఆ చేపల్ని అమ్మకండి.

ముందు నీటి పీహెచ్ (ఆమ్ల-క్షార గుణం) చూడండి. 8.5 లోపుంటేనే మొత్తం 80 కిలోల సున్నం, వారం తేడాతో రెండు దఫాలుగా నీటిలో కలిపి చల్లండి. ఈ జబ్బుకు వాడే సిఫాక్స్ అనే మందు ఎకరానికి, మీటరు లోతుకు 400 మి.లీ. చొప్పున మీకు 600 మి.లీ. పడుతుంది. సున్నంతో కలపకుండా, విడిగా నీటిలో కలిపి చెరువంతా పడేలా చల్లండి. వారంలో పుండ్లు మానుముఖం పట్టాలి. పట్టకపోతే ఇంకో మందు కొనకండి, బతికున్న జబ్బు చేపను ల్యాబుకు తీసుకెళ్లండి. చచ్చినవాటిని సున్నం వేసి పూడ్చండి. చెరువు నీటిని నదిలోకి వదలొద్దు.

ఇక మాయమైన చేపల సంగతి. మీ మూడో ఫొటోలో నోరు కన్ను దాటి వెనక్కి చీలి, మీసాలు పొట్ట కిందిదాకా ఉన్న చేప వాలుగ. దాని పొట్ట కోయండి, మీ బొచ్చె పిల్లలు కనిపిస్తాయి. నది చేపల పొట్టలు కోసి ఏం తిన్నాయో చూడటం మా రోజువారీ పనే లెండి. వరదలో పట్టిన పిల్లల్లో బొచ్చె, రాగండి, మోసుతోపాటు వాలుగ, కొర్రమీను కూడా కలిసే వస్తాయి. మరీ చిన్నప్పుడు వాటిని ఏరడం మాకే కష్టం. జబ్బు కూడా బహుశా ఆ నది పిల్లలతోనే వచ్చి ఉంటుంది. 1957లోనే శాస్త్రవేత్త హీరాలాల్ చౌదురి పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) రసం ఇంజెక్షనుతో రాగండి, మోసు లాంటి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. అలా హేచరీలో పొదిగించిన పిల్ల దొరుకుతుండగా ఇప్పటికీ నదిని తోడటమెందుకు? అక్కడ పెరిగి గుడ్లు పెట్టాల్సిన పిల్లలవి.

ఈ పంట తీశాక చెరువు ఎండగట్టండి. కుదరకపోతే పిల్లల్ని వదలడానికి మూడు వారాల ముందు 1500 కిలోల ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి, చేపల్ని చంపుతుంది) చల్లి, తేలిన పిచ్చి చేపల్ని ఏరేయండి. నీరు పెట్టే తూముకు సన్నకన్ను వల రెండు పొరలు కట్టండి.