అమ్మలూ, నీ మొదటి పోస్టర్ గురించి మామ రాస్తున్న ఉత్తరం

అమ్మలూ,

కాన్ఫరెన్స్‌కి నీ పోస్టర్ సెలెక్ట్ అయ్యిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషమేసింది. ఓరల్ రాలేదు, పోస్టరే వచ్చిందని నువ్వు కాస్త డల్‌గా ఉన్నావంట. అది మాత్రం మనసులోంచి తీసెయ్. ఓరల్ అంటే పది నిమిషాలు మాట్లాడి దిగిపోవడమే, ఒకరిద్దరు ప్రశ్న అడిగితే గొప్ప. నీ పనంతా వేసిన పెద్ద షీట్ బోర్డుకి తగిలించి ఆ పోస్టర్ దగ్గర నిలబడితే నీ పంట మీదే పనిచేసేవాళ్ళు నడుచుకుంటూ నీ ముందుకే వస్తారు, తీరిగ్గా మాట్లాడతారు. వేరుశనగలో నాకు దొరికిన మంచి స్నేహాలు సగం ఆ బోర్డుల దగ్గర మొదలైనవే.

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చూశాను. ఉన్నమాట చెప్తున్నా, ఏమనుకోకు, థీసిస్‌ని ముక్కలు చేసి అంటించినట్టుంది. వేరుశనగ ఏయే దేశాల్లో పండుతుందో రెండు పేరాలు రాశావు, ఆ హాల్లోకి వచ్చేవాళ్ళెవరికి తెలీదు అది? టైటిల్ చూస్తే ‘తిక్క ఆకుమచ్చ తెగులుపై వివిధ శిలీంధ్రనాశినుల ప్రభావం’ అని ఉంది. ఏ మందు పనిచేసింది, ఎన్నిసార్లు కొట్టాలి, అదేగా నువ్వు రెండు ఖరీఫ్‌లు ఎండలో నిలబడి కనుక్కున్నది, ఆ ముక్కే టైటిల్‌లో పెట్టు. పది అడుగుల దూరంలో నడిచిపోయేవాడు అది చదివి ఆగాలి.

2019లో మైక్ మారిసన్ అనే సైకాలజీ పీహెచ్‌డీ స్టూడెంట్ యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టాడు, పోస్టర్ మధ్యలో అసలు ఫలితం ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి, మిగతాదంతా పక్కన చిన్నగా, ఒక క్యూఆర్ కోడ్ పెట్టు అని. నాకు ఆ ఐడియా నచ్చింది కానీ పూర్తిగా అలాగే చెయ్యకు, మన జడ్జీలు ప్రయోగం డిజైన్ ఏంటి, రెప్లికేషన్లు ఎన్ని (ఒక్కోదాన్ని ఎన్ని మళ్ళలో వేశావు), సీడీ వాల్యూ ఎంత (రెండిటి మధ్య ఎంత తేడా ఉంటే నిజమైన తేడా అనాలి) అని కచ్చితంగా వెతుకుతారు. నీ 8 ట్రీట్‌మెంట్ల టేబుల్ తీసేసి బార్ చార్ట్ చెయ్, కింద సీడీ, లెక్కలు ఎంత చెదిరాయో చెప్పే సీవీ చిన్నగా వెయ్, తెగులు స్కోరు 1 నుంచి 9 స్కేల్‌లో తీశానని ఒక లైన్ చాలు. మొత్తం పోస్టర్ మీద 400 మాటలు దాటనివ్వకు.

సైజు సంగతి ఆర్గనైజర్ల మెయిల్‌లో చూసి పవర్‌పాయింట్‌లో అన్నిటికన్నా ముందు పేజీ సైజు సెట్ చేసుకో, అంతా అయ్యాక మారిస్తే బొమ్మలు సాగిపోతాయి. ఏ0 అయితే 841 బై 1189 మిల్లీమీటర్లు. అక్షరాల సైజు టైటిల్‌కి 90 పాయింట్లు, లోపలి టెక్స్ట్ 28కి తగ్గకూడదు. ఒక ఏ4 ప్రింట్ తీసి చేతిలో పట్టుకుని చూడు, ఏ0 దానికి పొడవులో, వెడల్పులో నాలుగింతలు కాబట్టి ఏ4లో కళ్ళు చికిలించకుండా చదవగలిగితే అసలు పోస్టర్ హాయిగా చదవొచ్చు.

ఇప్పుడు ఆకు ఫోటో. దీని మీద టైమ్ పెట్టు. నువ్వు ఆకు పై వైపే తీశావు. తిక్కలో మచ్చలు రెండు రకాలు కదా, ముందు వచ్చే మచ్చ గోధుమరంగులో పై వైపు బాగా కనిపిస్తుంది, ఆలస్యంగా వచ్చేది అడుగున నల్లగా ఉంటుంది, చుట్టూ పసుపు వలయం ఉందా లేదా అన్నది ఒక్కటే చూసి తేల్చలేం. అందుకని అదే ఆకుని తిప్పి రెండో ఫోటో తియ్, పక్కపక్కన పెట్టు. తెలిసినవాడు అది చూడగానే ఈ పిల్ల పొలంలో తిరిగింది అనుకుంటాడు. పేర్లు కూడా సిద్ధంగా పెట్టుకో, ఆలస్యపు మచ్చ శిలీంధ్రాన్ని మా రోజుల్లో సెర్కోస్పోరిడియం అన్నారు, తర్వాత ఫేయోయిసారియోప్సిస్ అయ్యింది, ఇప్పుడు నోథోపాసలోరా. పెద్ద జడ్జి పాత పేరుతో అడిగితే తడబడకు.

ఆ ఫోటో ప్రింట్‌లో పోతే మాత్రం అంతా పోయినట్టే. నాకు ఒకసారి అయ్యింది. స్క్రీన్ మీద లేత ఆకుపచ్చగా ఉన్న ఆకు ఫ్లెక్స్ మీద నల్లపచ్చగా వచ్చింది, మచ్చలు అందులో కలిసిపోయాయి, వచ్చిన ప్రతివాళ్ళూ మచ్చ ఎక్కడండీ అని అడుగుతుంటే రోజంతా వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది, ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ ఇంకుతో వేస్తుంది, రెండూ ఒకటి కాదు. షాపులో ముందు ఆకు ఉన్న ముక్క ఒక్కటే టెస్ట్ ప్రింట్ అడుగు. ఫైల్ పీడీఎఫ్ చేసే ఇవ్వు, లేకపోతే వాళ్ళ సిస్టమ్‌లో ఫాంట్ మారిపోయి గుర్తులన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. చార్ట్‌లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు, ఆ తేడా తెలియని మగవాళ్ళు చాలామందే ఉంటారు.

ఫ్లెక్స్‌ని మడత పెట్టకు, ట్యూబ్‌లో చుట్టుకో, ప్రింట్ బయటికి ఉండేలా చుడితే తగిలించాక అంచులు ముందుకి లేవవు. డబుల్ సైడ్ టేప్, పిన్నులు నీవే తీసుకెళ్ళు.

అక్కడ బోర్డుకి అడ్డంగా నిలబడకు, ఒక పక్కకి ఉండు. ఎవరైనా ఆగితే వెంటనే అప్పజెప్పినట్టు మొదలుపెట్టకు, ‘మీరు ఏ పంట మీద చేస్తున్నారండీ?’ అని అడుగు. వేరుశనగ వాళ్ళైతే నేరుగా చార్ట్‌కి వెళ్ళు, వేరేవాళ్ళైతే ఆకు ఫోటో నుంచి మొదలుపెట్టు. ఒక్క నిమిషంలో అయిపోవాలి, ఇంట్లో మీ అమ్మకి తెలుగులో చెప్పి ప్రాక్టీస్ చెయ్, ఆమెకి అర్థమైతే అందరికీ అర్థమవుతుంది. మొదటి స్ప్రే ఆ రోజే ఎందుకు కొట్టావు అని తప్పకుండా అడుగుతారు. తెలియనిది అడిగితే ‘అది చూడలేదు సార్, మీరైతే ఎలా చేసేవారు?’ అను, వాళ్ళు చెప్పింది అక్కడే నోట్‌బుక్‌లో రాసుకో. చాలాసార్లు పోస్టర్ టైమ్ భోజనం టైమ్‌లోనే పెడతారు, ముందే తినేసి వెళ్ళు, నువ్వు ప్లేట్ పట్టుకుని అటు వెళ్ళినప్పుడే అసలు మనిషి వచ్చి వెళ్ళిపోతాడు.

ఇంకోటి, నీకు పొలం ఇచ్చిన రైతుని అడిగి, ఆయన ఒప్పుకుంటే పేరు కృతజ్ఞతల్లో వెయ్. తిరిగొచ్చాక ఆ పోస్టర్ తీసుకెళ్ళి ఆయనకి చూపించు, శెనక్కాయ ఆకు అంత పెద్దగా ఆయనా చూసి ఉండడు.

మార్చిన డ్రాఫ్ట్ శుక్రవారంలోపు పంపు. ఆకు ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పెట్టి పంపు.

మామయ్య