ఊరు వదిలే ముందు మీ నెంబరు సంగతి చూసుకోండి

కందుకూరు, కావలి, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి అమెరికాకు బయలుదేరే పిలకాయలు నన్ను ఎక్కువగా అడిగేది ఆవకాయ ఎంత తెచ్చుకోవాలి, స్వెట్టర్లు ఎక్కడ కొనుక్కోవాలి అనే. ఆవకాయ లెక్క మీ అమ్మకు నాకంటే బాగా తెలుసు. స్వెట్టర్లు ఇక్కడికొచ్చాక కొనుక్కోవచ్చు. మీరు అడగని సంగతి ఒకటుంది, నేను అందరికీ ముందు అదే చెబుతాను. మీ ఇండియా ఫోను నెంబరును చావనివ్వొద్దు. బ్యాంకు, ఆధార్, పాన్, ఇన్‌కమ్ టాక్స్, డిజీలాకర్, ప్రావిడెంట్ ఫండ్, ఏది తెరవాలన్నా ఓటీపీ వచ్చేది ఆ పది అంకెలకే. మీ పాస్‌పోర్టు పోతే కొత్తది ఇవ్వడానికి ఇక్కడ కాన్సులేట్ ఉంది. నెంబరు పోతే తెచ్చిచ్చే ఆఫీసు అమెరికాలో ఏదీ లేదు.

నెంబరు ఎట్లా పోతుందో చెబుతాను. రీచార్జ్ గడువు దాటితే ముందు ఫోన్లు ఆగుతాయి, తర్వాత మెసేజీలూ ఆగుతాయి. టెలికాం కంపెనీలను అదుపుచేసే సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం వరసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆ నెంబరును తీసెయ్యొచ్చు. తీసేశాక మరో 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు మీ ఖాతా ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగుతుంది. ఆ మనిషి మంచివాడైతే సరే, కాకపోతే?

దీనికి ఖర్చు పెద్దగా లేదు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా అక్కర్లేని వాళ్ళకోసం మాటలూ మెసేజీలూ మాత్రమే ఉండే ప్యాకులు విడిగా ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది, ఆ ప్యాకుల గడువును 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది. సెల్ షాపులో అడిగితే ముందు డేటా ప్యాకులే చూపిస్తారు. మీరు గట్టిగా 'కాల్స్, మెసేజీలు మాత్రమే, ఏడాది గడువుది' అని అడగండి. బయలుదేరే వారంలో వేయించుకోండి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అదే నెలలో నాన్నకో అన్నకో గుర్తు చేయండి.

విమానం ఎక్కక ముందే కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేసుకోండి. ఇక్కడ దిగాక ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, లేకపోతే బిల్లు గుండె గుభేల్మనిపిస్తుంది. మెసేజీ రావడానికి డేటా అక్కర్లేదు, వచ్చిన మెసేజీకి మామూలుగా డబ్బులూ పడవు. ఐఫోను వాడేవాళ్ళు ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఇండియా నెంబరుతో యాక్టివేట్ కాకుండా చూసుకోండి. యాక్టివేట్ కావడానికి ఫోను తనంతట తాను విదేశానికి ఒక మెసేజీ పంపుతుంది, దానికి డబ్బులు కోసేస్తారు.

ఇక్కడో పెద్ద గుంట ఉంది, ఏటా కొత్తవాళ్ళు అందులోనే పడుతున్నారు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అరే లేదు, అంతా ఈసిమ్‌తోనే, అంటే ముక్క లేకుండా ఫోనులోనే ఎక్కించే సిమ్. మొదటి జీతంతో కొత్త ఫోను కొని, ఇండియా సిమ్ ముక్కను చేతిలో పట్టుకొని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతారు. పాత సిమ్‌ను ఈసిమ్‌గా మార్చమని అడిగితే ధ్రువీకరణ మెసేజీలు ఆ పాత సిమ్‌కే వస్తాయి, ఒక్కోసారి విదేశంలో ఉంటే ఆ పని ముందుకు కదలదు. ఊళ్ళో ఉన్నప్పుడే ఆ మార్పు చేయించుకోండి. ఎయిర్‌టెల్, జియో, వీ మూడూ ఈసిమ్ ఇస్తున్నాయి. మీ చేతిలో ఉన్న ఫోను ఈసిమ్ తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి. తీసుకోకపోతే సిమ్ ముక్కను పాత ఫోనులోనే ఉంచి, ఆ ఫోనును ఛార్జింగులో పెట్టి ఓటీపీల కోసమే అట్టిపెట్టండి. ఈసిమ్ ఉన్న ఫోనును ఎప్పుడన్నా రీసెట్ చేస్తే 'ఈసిమ్ కూడా తీసెయ్యాలా' అని అడుగుతుంది. వద్దని చెప్పండి.

'అక్కా, వాట్సాప్ ఉంది కదా, సిమ్ ఎందుకు' అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. నెంబరుతో నడిచే మెసేజింగ్ యాప్‌లు ఆ సిమ్ ఫోనులో ఉన్నంతవరకే పనిచేయాలని. సైబర్ మోసగాళ్ళను కట్టడి చెయ్యడానికి తెచ్చామన్నారు. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, మన జిల్లాల్లో రిటైరైన మాస్టార్లు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న సంగతులు వింటూనే ఉన్నాం. కానీ దేశం బయట బతికే లక్షల మందిని లెక్కలోకి తీసుకోకుండా నియమం రాసే అలవాటు మన ప్రభుత్వాలకు పోలేదు.

బ్యాంకు సంగతి. విదేశంలో స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతాను అట్లాగే నడపడం విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమాకు విరుద్ధం, దాన్ని ఎన్నార్వో (విదేశాల్లో ఉండేవాళ్ళ మామూలు ఖాతా)గా మార్పించుకోవాలి. ఎందుకులే అని చాలామంది వదిలేస్తారు, నిజానికి అది మీకే మేలు. ఎన్నారై ఖాతాకు అమెరికా నెంబరు పెట్టుకోవచ్చు. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 10 దేశాల నెంబర్లతో యూపీఐ వాడుకోవడానికి దారి తెరిచింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, గల్ఫ్‌లో కొన్ని దేశాలు అందులో ఉన్నాయి. ఎన్నార్వో గానీ, విదేశీ సంపాదన వేసుకునే ఎన్నారీ ఖాతా గానీ ఉంటే చాలు. నెల్లూరులో మందుల షాపుకు మీరు ఇక్కడి నుంచే డబ్బు కట్టొచ్చు.

నాన్న నెల్లూరులో ఆస్పత్రిలో ఉన్న రాత్రి నాకు ఆ సదుపాయం లేదు. నా ఖాతాలో డబ్బుంది, సిమ్ బతికే ఉంది, ఓటీపీ మాత్రం రాలేదు. బ్యాంకు వాళ్ళకు ఫోను చేస్తే 'మీ హోమ్ బ్రాంచికి రండి మేడమ్' అన్నారు. పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషితో అనే మాటేనా అది? డబ్బు తమ్ముడు కట్టాడు. తమ్ముడు లేని ఇల్లయితే ఏమయ్యేది? నా సొంత డబ్బు నేను తీసుకోవడానికి గాలిలో తేలే ఒక్క మెసేజీ తప్ప రెండో దారి లేకపోవడం అన్యాయం. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ధ్రువీకరణ మీద కొత్త ఆదేశాలిచ్చింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా పెట్టిన ఆ నియమాల్లో రెండంచెల పరీక్ష ఉండాలన్నారు, అది ఎస్సెమ్మెస్ ఓటీపీయే కానక్కర్లేదన్నారు. యాప్‌లోనే ధ్రువీకరించే పద్ధతి మీ బ్యాంకులో ఉందేమో అడిగి, ఉంటే బయలుదేరక ముందే పెట్టించుకోండి.

పేర్ల గొడవ ఇంకోటి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, పాన్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. మనుషులకు అది ఒక్క పేరే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడి ఖాళీగా వదిలేసి అంతా సర్‌నేమ్ గడిలోనే రాసినవాళ్ళకు అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటపడతాయి. మూడు కార్డుల్లోనూ పేరు ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించండి.

మా కందుకూరు వాళ్ళకు దీనికి తోడు జిల్లా గొడవ. 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్నాం. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో జిల్లాలను 26 చేసినప్పుడు మళ్ళీ నెల్లూరులో కలిపారు. ప్రకాశంలోనే ఉంచమన్న మాట ఊళ్ళో అప్పటి నుంచీ ఉండేది, 2025 డిసెంబరు చివర్లో తిరిగి ప్రకాశంలో కలిపారు. జిల్లా ఎట్లా విడదీయాలన్నది రాజకీయ నిర్ణయం, జనాన్ని అడిగి చెయ్యాలి. చేశాక జనం కార్డులన్నీ మార్చే పూచీ కూడా ప్రభుత్వమే తీసుకోవాలి. పుట్టిన జిల్లా గడిలో పాస్‌పోర్టులో ఏముందో అదే ప్రతి ఫారంలోనూ రాయండి, ఇప్పుడున్న జిల్లా రాయొద్దు.

అమ్మానాన్నల ఫోను మీరు బయలుదేరక ముందే సర్దిపెట్టాల్సిన ఇంకో పని. అక్షరాలు పెద్దవి చేయండి, తెలుగు కీబోర్డు పెట్టండి, తెలియని యాప్‌లు తీసెయ్యండి. 'డిజిటల్ అరెస్టు' అనేది మన చట్టంలో లేదని, పోలీసులు వీడియో కాల్‌లో ఎవర్నీ అరెస్టు చెయ్యరని పదిసార్లు చెప్పండి. డబ్బు పోయిందనిపించిన నిమిషంలోనే 1930కి ఫోను చేయాలని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

వేలిముద్రల సంగతి వేరు. పొగాకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గర, ఉప్పు కొఠార్లలో, రొయ్యల గుంటల్లో ముప్పై నలభై ఏళ్ళు పనిచేసిన చేతులకు గీతలు మిగలవు. రేషన్ షాపు మిషను వాళ్ళను గుర్తుపట్టదు. పెన్షన్ తీసుకునేవాళ్ళు లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు, అది మీ సెల్లులోనే చేసి చూపించి వెళ్ళండి. 2019లో వచ్చిన గ్రామ సచివాలయాలు మంచి పని, 2025 జనవరిలో వచ్చిన మన మిత్ర వాట్సాప్ సేవలూ మంచి పనే. ఒకటి ఒక పార్టీది, రెండోది ఇంకో పార్టీది, నాకు రెండూ కావాలి. వాట్సాప్ వచ్చింది కదా అని ఊళ్ళో కౌంటరు దగ్గర మనిషిని తగ్గిస్తే నేను ఒప్పుకోను. చదవలేని అవ్వకు ఆ మనిషే దిక్కు.

రాష్ట్ర ప్రభుత్వపు ఏపీ ఫైబర్‌నెట్ మీద కూడా నాదిదే మాట. 2017 చివర ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను అన్నారు, మారుమూల ఊళ్ళకు అది వరమే. తర్వాత ఎవరు గెలిచినా ఆరోపణలు, కేసుల మాటే మిగిలింది గానీ, తెగిన వైరు ఎన్నిరోజుల్లో అతుకుతారో చెప్పిన నాయకుడు లేడు. ఆ కేబులు కరెంటు స్తంభాల మీద పోతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలతో పాటే నెట్టూ పోయింది. ఇంట్లో నెట్టు ఒక కంపెనీది, అమ్మ సెల్లు ఇంకో కంపెనీది ఉండేట్టు చూసుకోండి. రౌటరుకు చిన్న యూపీఎస్ ఒకటి కొనిపెట్టండి.

మిక్సీ తేవొద్దు. మన కరెంటు 230 వోల్టులు, అమెరికాది 120. పిన్ను మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు. ఇండియన్ స్టోర్లలో ఇక్కడి కరెంటుకు పనిచేసే 110 వోల్టుల మిక్సీలు దొరుకుతాయి. ఛార్జరు మీద '100-240' అని ఉంటే నిశ్చింతగా తెచ్చుకోండి. ఫోను మాత్రం వోల్టే (VoLTE, అంటే 4జీ మీద కాల్స్) ఇక్కడి నెట్‌వర్కులో పనిచేసేదై ఉండాలి, 2022తో పెద్ద కంపెనీలన్నీ 3జీ మూసేశాయి. వాయిదాల మీద ఫోను కొంటే అది ఆ కంపెనీకి లాకై ఉంటుంది, మామూలుగా బాకీ తీరేదాకా వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. పాత ఫోను బ్యాటరీ, అద్దం నెల్లూరు ట్రంకు రోడ్డులోనే మార్పించుకొని రండి. ఇక్కడ రిపేరు ధర చూస్తే కొత్తది కొనాలనిపిస్తుంది, కంపెనీలకు కావాల్సిందీ అదే. 2024లో ఒరెగాన్ రాష్ట్రం, విడిభాగాలను సాఫ్ట్‌వేరుతో కట్టేసే పద్ధతిని చట్టంతో నిషేధించింది. మన దేశంలో 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టారు గానీ చట్టం రాలేదు, రావాలి.

ఇక ఓటు. ఇండియా పౌరసత్వం ఉన్నంతకాలం ఫారం 6ఏ నింపి మన నియోజకవర్గంలో పేరు ఉంచుకోవచ్చు, 2011 నుంచి ఆ హక్కుంది. అయితే ఓటు వెయ్యాలంటే పాస్‌పోర్టు పట్టుకొని ఊళ్ళో పోలింగు బూతుకే వెళ్ళాలి. 2024లో పేర్లు నమోదు చేసుకున్న, విదేశాల్లో ఉండే మన ఓటర్లు దాదాపు 1.2 లక్షల మంది, వేసింది 3 వేల మంది కూడా లేరు. మన తరఫున ఇంకొకరు వేసే ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, 2019లో సభతో పాటే మురిగిపోయింది. సైనికులకు ఇస్తున్న ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను మనకూ ఇవ్వవచ్చని 2020లో ఎన్నికల సంఘమే చెప్పింది, అది ఇప్పటికీ రాలేదు. మన జిల్లాల నాయకులు అమెరికాలో తెలుగు సభలకు వస్తారు, విరాళాలు అడుగుతారు, ఫొటోలు దిగుతారు. అక్కడే వాళ్ళను అడగండి, పోస్టల్ బ్యాలెట్ ఎప్పుడిప్పిస్తారని, ఓటీపీ రాని మనిషికి రెండో దారి ఎప్పుడు పెట్టిస్తారని. ఒంగోలు ఎంపీ, నెల్లూరు ఎంపీ ఇద్దరికీ పార్లమెంటులో ఈ ప్రశ్నలు వేసే హక్కుంది. వేయమని వాళ్ళకు ఉత్తరం రాయండి, కింద మీ ఊరి పేరు, నియోజకవర్గం పేరు రాయడం మరవొద్దు.