దుబాయ్ పడవలో మా ఊరి సైకిల్ అన్న

పరాయి దేశంలో పాత పరిచయస్తులు అనుకోకుండా ఎదురైతే ఎలా ఉంటుంది, ఆ పరిచయం తర్వాత నిలుస్తుందా అని అడిగారు. నాకు ఎదురయ్యారు. నిలిచింది కూడా.

మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. మా వైపు నుంచి దుబాయ్ వెళ్ళినవాళ్ళకు తెలిసిన ముఖం కనిపించడం వింతేమీ కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ బాట పట్టినవాళ్ళు అంతమంది. పైగా సెలవు రోజున వాళ్ళంతా చేరేది దేరా, బర్ దుబాయ్ లాంటి నాలుగు చోట్లకే. అయినా ఆయన్ను చూస్తానని మాత్రం నేను కల్లో కూడా అనుకోలేదు.

2023 డిసెంబర్‌లో ఆఫీసు పని మీద వెళ్ళాను. ఆదివారం ఖాళీ దొరికింది. దేరాలో బంగారం బజారు చూసి, క్రీక్, అంటే ఊరి మధ్యకు వచ్చిన సముద్రపు పాయ, దాటి బర్ దుబాయ్ వెళ్దామని అబ్రా ఎక్కాను. అబ్రా అంటే చెక్క పడవ. ఒక్క దిర్హమ్ ఇస్తే కొద్ది నిమిషాల్లో అవతలి ఒడ్డున దించుతారు. మధ్యలో ఉన్న బల్ల మీద జనం రెండు వరుసలుగా వీపుకు వీపు పెట్టి, నీళ్ళ వైపు తిరిగి కూర్చుంటారు. వెనకాల ఉన్న మనిషి ముఖం కనిపించదు, మాట మాత్రం మన చెవిలోనే పడుతుంది.

నా వెనకాయన ఫోన్లో కొడుకును మందలిస్తున్నాడు. కొత్త స్కూటీ కొన్నట్టున్నారు. "ముందట బ్రేకొక్కటే పట్టకురా, బోర్ల పడ్తవ్!"

ఒళ్ళు జలదరించింది. ఆ మాట, ఆ గొంతు నాకు బాగా తెలుసు. మా బడి పక్కన గంటకు రూపాయి చొప్పున కిరాయి సైకిళ్ళు ఇచ్చే అన్న, మా వెనక పరుగెత్తుతూ అరిచే మాట అది. ఊళ్ళో పిల్లలందరికీ ఆయన సైకిల్ అన్నే. మేం ఎనిమిదో తరగతిలో ఉండగా దుకాణం మూతపడింది, దుబాయ్ పోయిండని చెప్పుకున్నారు. అంతే.

పడవ ఆగాక దగ్గరికి వెళ్ళి "సైకిల్ అన్నా" అన్నాను. ఆ పేరుతో ఆయన్ను పిలిచి ఎన్నేళ్ళయిందో ఏమో, ఫోన్ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నా ముఖంలోకి కాసేపు చూసి, "నువ్వు లెక్కల సారు కొడుకువు గదరా?" అన్నాడు. తల నెరిసింది, ముందు పళ్ళలో ఒకటి లేదు. కుడి చేతి బొటనవేలి గోరు మాత్రం అప్పటిలాగే నల్లగా, మధ్యకు చీలి ఉంది. చెయిన్‌లో పడి నలిగిన గోరు అది.

రేవు దగ్గరే కరక్ చాయ్ తీసుకుని మెట్ల మీద కూర్చున్నాం. మొదట అడిగింది, "సారు మంచిగున్నడా?" అని. నాన్న 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయాడని చెప్పాను. చాయ్ కప్పు పక్కన పెట్టేశాడు. మళ్ళీ ముట్టలేదు. చాలాసేపటికి ఆయనే మాట్లాడాడు. "నేను దుబాయ్ పోతనంటే సారు వద్దనే అన్నడు. దుకాణం పెద్దగ చేద్దువు, బ్యాంకు లోను చూద్దాం అన్నడు. నేను ఇనలే. ఆఖరుకు ఆయనే పాస్‌పోర్ట్ ఫారం నింపిండు, హైదరాబాద్ ఆఫీసు దాక నా ఎంబడి వచ్చిండు. బొంబాయికి బస్సు ఎక్కిచ్చి జేబుల పైసలు పెట్టిండు."

మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నాన్న పోయిన తర్వాత ఆయన గురించి నాకు కొత్తగా తెలిసిన విషయం ఇదొక్కటే. అది కూడా సముద్రం అవతల తెలిసింది. మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇదే. పాత మనిషి ఎదురైతే ఆయన క్షేమమే కాదు, మనవాళ్ళ గురించి మనకు తెలియనివి కూడా ఆయన దగ్గర ఉంటాయి.

ఆయన కథ పెద్దది. వెళ్ళిన కొత్తలో ఏజెంటు చెప్పిన పని లేదు, కట్టడాల దగ్గర ఎండలో ఇనుప గొట్టాలు మోశాడు. ఇప్పుడైతే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదనే నియమం ఉంది, అప్పుడు అదీ లేదు. కొన్నాళ్ళు కల్లివెల్లి అయ్యి, అంటే కాగితాలు లేకుండా దాక్కుని బతికి, 2007లో క్షమాభిక్ష ప్రకటిస్తే ఇల్లు చేరాడు. అప్పు తీరక కొన్నేళ్ళకు కంపెనీ వీసా మీద మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడు ఒక కంపెనీ గ్యారేజీలో బస్సుల మెకానిక్. సోనాపూర్‌లోని కూలీల క్యాంపులో ఉంటాడు.

మీకూ ఇలా ఎవరైనా ఎదురైతే సెల్ఫీ దిగి, నంబరు తీసుకుని వెళ్ళిపోకండి. ఒక పూట కేటాయించండి. జీతమెంత, ఎప్పుడొస్తావ్ అని మొదలుపెట్టకండి, వాళ్ళు రోజూ జవాబు చెప్పుకునే ప్రశ్నలే అవి. నేను ఆ సాయంత్రం చూడాలనుకున్నవన్నీ వదిలేశాను. బుర్జ్ ఖలీఫా ఎక్కడికీ పోదు.

మర్నాడు హోటల్‌కు వచ్చి ఒక మూట ఇచ్చాడు. నీడో పాలపొడి, కోడాలి తైలం (యాక్స్ ఆయిల్ అనే నొప్పుల మందు), కూతురికి సెంటు సీసా. నేను అడగకముందే విప్పి ఒక్కొక్కటీ చూపించి మళ్ళీ కట్టాడు. అది మంచి పద్ధతి. మీరు ఎవరికి తీసుకెళ్ళినా, ఎవరి దగ్గర తీసుకున్నా విప్పి చూడండి. ముఖ్యంగా ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళేటప్పుడు మసాలా పొట్లాల్లో గసగసాలు ఉండకూడదు. మన వంటింటి సరుకే అయినా అక్కడ నిషేధం, దొరికితే జైలు దాకా పోవచ్చు. కొన్ని మందులకు కూడా ముందుగా అనుమతి కావాలి.

ఆ మూట వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాక, అమ్మతో ఆయనకు ఫోన్ చేయించాను. నాన్న సంగతులు ఒకరికొకరు చెప్పుకుని ఇద్దరూ ఏడ్చారు. ఇప్పుడు నెలకోసారైనా మాట్లాడుకుంటారు, ఒక్కోసారి నా ఊసే ఉండదు. అన్నట్టు, అక్కడివాళ్ళతో మాట్లాడాలంటే వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి గానీ కాల్స్ కలవవు. చాలామంది బోటిమ్ అనే కాలింగ్ యాప్ వాడతారు. విడిపోయే ముందే మీ ఫోన్లో అది పెట్టుకుని, పక్కనుండగానే ఒకసారి కాల్ కలిపి చూసుకోండి.